పిడి పట్టి చూసే పని

రుక్కమ్మ మొగుడు బాలనర్సయ్య మడత చాకులకు పిడులు చేసేవాడు. బాలానగర్‌లో వెంకటనారాయణ రేకుల షెడ్డులో అంత నున్నగా ఆకురాయి పట్టేవాడు ఇంకొకడు లేడని అందరూ ఒప్పుకునేవారు, మొగిలి తప్ప. మొగిలిదీ పిడుల పనే. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని బర్రెకొమ్ము పలకలను అరగదీస్తుంటే ఆ పొడి వాళ్ళ కనుబొమల మీద తెల్లగా పేరుకునేది. రుక్కమ్మ కూడా అక్కడే పని చేసేది. తయారైన చాకులకు నూనె రాసి, గుడ్డతో తుడిచి, కాగితాల్లో చుట్టి పెట్టెల్లో పేర్చడం ఆమె పని.

మొగుడూ పెళ్ళాలు మాదాపురం నుంచి ఒకే సైకిలు మీద వచ్చేవారు. బండల మధ్య దారి. అతను తొక్కేవాడు, ఆమె వెనక కూర్చునేది. కూతురు చంద్రమ్మను రుక్కమ్మ తల్లి చూసుకునేది. ఇద్దరి చేతులూ ఆడితేనే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది, ఒకరి చేతులతో వెలిగే పొయ్యి కాదు అది.

వెంకటనారాయణ పుట్టుకతో సేటు కాడు. మాదాపురం పక్కన కొండాపురం మనిషే. తానూ ఎన్నో ఏళ్ళు ఒకరి దగ్గర సాన పట్టినవాడే. సొంత షెడ్డు వేశాక అందరూ సేటూ అని పిలవడం మొదలుపెట్టారు. ఆ పిలుపు అతనికి నచ్చింది. రుక్కమ్మను మాత్రం చెల్లె అనేవాడు.

కొమ్ము పలకలను వేడి నూనెలో ఉడికించి, మెత్తబడ్డాక ఇనుప అచ్చుల మధ్య పెట్టి నొక్కేవారు. ఆ నూనె తొట్టికి ఒక కాలు విరిగితే ఇటుక పెట్టి నిలబెట్టారు. తొట్టి ఊగుతున్నదని బాలనర్సయ్య రెండు మూడు సార్లు చెప్పాడు.

"ఊగితే ఊగనీ. దసరా అయినంక అతికిద్దాం," అన్నాడు వెంకటనారాయణ.

దసరా ఇంకా రాకముందే ఇటుక జారింది. తొట్టి వంగుతుంటే బాలనర్సయ్య పారిపోకుండా, నూనె ఒలికిపోతుందన్న ఆత్రంతో కుడిచేయి అడ్డం పెట్టాడు. రుక్కమ్మ గుడ్డ కింద పడేసి పరుగెత్తేసరికి అతను మణికట్టు పట్టుకుని కూలబడ్డాడు. అరచెయ్యి, వేళ్ళు ఒకే రంగులో, తోలు తీసిన కోడిలా ఉన్నాయి.

దవాఖానలో చాలా కాలం ఉన్నాడు. ఇంటికొచ్చాక చేతి మీద కొత్త చర్మం వచ్చింది. ఉల్లిపొరలా పల్చగా, గులాబీ రంగులో, లోపలి నరాలు కనిపించేలా ఉండేది. వేళ్ళు ఐదూ ముడుచుకుంటాయి, చాచుకుంటాయి. కానీ చొక్కా అంచు తగిలినా ప్రాణం పోయినట్టు ఉలిక్కిపడేవాడు. చెంబు పట్టలేడు. ముద్ద కలపలేడు. రుక్కమ్మ కలిపి పెడితే ఎడమచేత్తో తినేవాడు, తల ఎత్తకుండా.

అలాంటి చేతితోనే మళ్ళీ షెడ్డుకు వచ్చాడు. వెంకటనారాయణ అతన్ని చూసి నిట్టూర్చి చీపురు చూపించాడు. ఎడమచేత్తో ఊడ్చుకుంటూ తిరుగుతుంటే మొగిలి కాళ్ళు ఎత్తేవాడు కాదు. "గీడ ఊడ్వు అన్నా, గీడ పొడి ఉన్నది," అని తన కాళ్ళ సందులు చూపించేవాడు.

ఆ రోజుల్లోనే సుబ్రహ్మణ్యం ఒక పెట్టె చాకులు వెనక్కి తెచ్చాడు. ఆయనది కృష్ణా జిల్లా. సుల్తాన్‌బజారులో దుకాణం పెట్టి, షెడ్డులో తయారైన చాకుల్లో సగానికి పైగా ఆయనే కొనేవాడు.

"పదును సంగతి కాదండీ, పదును బ్రహ్మాండంగా ఉంది," అన్నాడు సుబ్రహ్మణ్యం. "పిడితోనే వస్తోందండి చిక్కు. నా దగ్గర కొనేవాళ్ళెవరు? రైల్లో పళ్ళు కోసుకునే ఆఫీసర్లు, ఇంట్లో ఆడవాళ్ళు, కాలేజీ కుర్రాళ్ళు. పట్టుకుని నాలుగు ముక్కలు కోసేసరికి అరచేతిలో గుచ్చుకుంటోందంటున్నారు. మా ఆవిడకి బొబ్బలే లేచాయండీ!"

వెంకటనారాయణ ఒక చాకు తీసి గట్టిగా పిడికిట్లో పిసికి చూశాడు. ఏమీ గుచ్చుకోలేదు. మొగిలికి ఇచ్చాడు. మొగిలి పిసికి పెదవి విరిచాడు. సాన పట్టే వీరేశం పట్టి చూసి, బంగారం లాగా ఉన్నదన్నాడు. వాళ్ళ అరచేతులు ఏళ్ళ తరబడి ఇనుముతో రాసుకుని కాయలు కాసి, చెప్పు అట్టల్లా ఉన్నాయి. వాటికి గుచ్చుకోవాలంటే మేకు కావాలి.

చేతులు మారుతున్న చాకు జారి కింద పడింది. ఊడుస్తున్న బాలనర్సయ్య అలవాటు కొద్దీ కుడిచేత్తో అందుకున్నాడు. మరుక్షణం "అమ్మో" అని విదిలించాడు.

"ఏమైంది?" అన్నాడు వెంకటనారాయణ.

"రివిటు లేచి ఉన్నది సేటూ. ఎనకదిక్కు స్ప్రింగు గూడ జర మీదికున్నది. ఆడ కోసుకపోతున్నది."

వెంకటనారాయణ బొటనవేలితో రాసి చూశాడు. తెలియలేదు. వాకిట్లోకి వెళ్ళి ఎండకు ఎదురుగా పెట్టి చూశాడు. రివిటు తల వెంట్రుక మందం పైకి ఉంది. తిరిగి వచ్చి ఇంకో చాకు బాలనర్సయ్య చేతిలో పెట్టాడు. అతను మూలిగాడు. మరొకటి పెట్టాడు. అప్పుడూ మూలిగి, ఎక్కడ గుచ్చుకున్నదో చెప్పాడు. మూలిగిన ప్రతిచోటా ఏదో ఒక తప్పు ఉంది. వెంకటనారాయణ మొహంలో వెలుగు రావడం రుక్కమ్మ చూసింది. మొగుడికి మళ్ళీ పని దొరికిందని లోలోపల దేవుడికి దండం పెట్టుకుంది.

తలుపు దగ్గర ఒక స్టూలు వేశారు. తయారైన ప్రతి చాకూ పెట్టెలోకి పోయే ముందు బాలనర్సయ్య చేతిలోకి వచ్చేది. పిడికిట్లో బిగించాలి. చాకు తెరిచి వేపకొమ్మను చెక్కాలి. మళ్ళీ మడవాలి. ఎక్కడ నొప్పి పుడితే అక్కడ సుద్దముక్కతో గీత పెట్టాలి. గీత పడితే ఆ పిడి చేసినవాడికే తిరిగి పోయేది.

పిడి ఆకారమే మారిపోయింది. వీపు మీద పలకలుగా ఉండే అంచులు గుండ్రమయ్యాయి. అరచేతి గుంటలో కూర్చునేలా కడుపు దగ్గర కాస్త ఉబ్బు వచ్చింది. మరీ ఉబ్బితే చేతిలో దొర్లుతుంది, తగ్గితే గుచ్చుకుంటుంది. చిటికెనవేలు జారకుండా తోక దగ్గర చిన్న వంపు పెట్టారు. బొటనవేలు ఆనే చోట పల్లం తీశారు. ఇదంతా ఎవరో కాగితం మీద గీస్తే వచ్చింది కాదు. బాలనర్సయ్య మూలిగిన చోటల్లా కొమ్ము అరిగింది. అతను మూలగడం మానేసిన చోట ఆగింది.

సాయంత్రానికి ఆ చెయ్యి పచ్చిమాంసంలా ఎర్రబడేది. ఇంటికి పోయేటప్పుడు సైకిలు హ్యాండిలు ఎడమచేత్తోనే పట్టేవాడు. రుక్కమ్మ వెన్న రాస్తే కళ్ళు మూసుకునేవాడు.

షెడ్డులో మాత్రం అతని మీద జాలి పడేవాళ్ళు తగ్గిపోయారు. వెనక్కి వచ్చిన పిడి కూలి లెక్కలోకి రాదు, మళ్ళీ అరగదీయాలి. మొగిలి పిడులే ఎక్కువ వెనక్కి పోయేవి.

"కూసుండి మూలిగితే పనాయె," అనేవాడు మొగిలి అందరికీ వినబడేలా. "మూలుగుడు మాకు రాదా? నీడపట్టున స్టూలు, దొర లెక్క. మేం రెక్కలు ముక్కలు చేసుకోవాలె."

ఒకరోజు మొగిలి కావాలనే పిడి లోపలి అంచున సన్నని ఇనుప ముక్కను ముల్లులా నిలబెట్టి పంపాడు. ఏదో జరగబోతున్నదని షెడ్డంతటికీ తెలుసు. వీరేశం సాన ఆపి మరీ చూశాడు. బాలనర్సయ్య పిడికిలి బిగించాడు. ముల్లు ఉల్లిపొరను చీల్చుకుని లోపలికి దిగింది. అతను స్టూలు మీద నుంచి కింద పడి మోకాళ్ళ మీద ముడుచుకుపోయాడు. షెడ్డు రేకులు ఎగిరిపోయేలా నవ్వారు. ఆ నవ్వుకు వెంకటనారాయణ బయటికి వచ్చాడు. కింద పడ్డ చాకును ఎత్తి చూశాడు.

"రక్తం కొమ్ముల ఇంకితే మరక పోదు," అన్నాడు. "చెల్లె, జల్ది తుడువు."

రుక్కమ్మ తుడిచింది. ముందు చాకును, ఆ తర్వాత మొగుడి చేతిని. ఆ వరస తప్పని ఆమెకు ఇంటికి పోయాక గానీ తట్టలేదు.

ఎండాకాలం నాటికి ఆ చాకులకు పేరు వచ్చింది. సుబ్రహ్మణ్యం ఒక మధ్యాహ్నం మిఠాయి పొట్లంతో వచ్చాడు.

"వెన్నముద్ద పట్టుకున్నట్టుందండీ వెంకటనారాయణ గారూ! మా ఆవిడ ఇప్పుడు వేరే కత్తి ముట్టుకోదు. ఎవరండీ ఆ పనివాడు? ఒకసారి చూడాలి."

వెంకటనారాయణ నవ్వుతూ స్టూలు వైపు చూపించాడు. సుబ్రహ్మణ్యం మంచి మనిషి. గబగబా వెళ్ళి బాలనర్సయ్య కుడిచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని గట్టిగా ఊపాడు. రుక్కమ్మ "అయ్యో సారూ" అనేలోపే అంతా అయిపోయింది. బాలనర్సయ్య మోకాళ్ళు వంగాయి. కళ్ళల్లో నీళ్ళు బొటబొటా రాలాయి. సేటు ఎదుట అరవకూడదని పళ్ళు బిగబట్టాడు.

"పాపం, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడండీ," అన్నాడు సుబ్రహ్మణ్యం. "పనివాడికి ఒక మంచి మాట చెప్పేవాళ్ళే ఉండరు కదండీ." ఇంకోసారి ఆ చేతిని నొక్కి వదిలాడు.

ఆయన పోయాక షెడ్డంతా మిఠాయి తిన్నది. మొగిలి ఆ చేయి ఊపడాన్ని, మోకాళ్ళు వంగడాన్ని అభినయించి చూపిస్తుంటే వెంకటనారాయణ కూడా పొట్ట పట్టుకుని నవ్వాడు.

అయితే ఒళ్ళు తన పని తాను చేసుకుపోతుంది. రోజూ పిడులు పట్టీ పట్టీ ఆ చేతికి మెల్లగా చర్మం మందమైంది. ఒక ఉదయం బాలనర్సయ్య నిండు చెంబు కుడిచేత్తో ఎత్తి, తొణకకుండా రుక్కమ్మ ముందుకు తెచ్చి చూపించాడు. చంద్రమ్మను అదే చేత్తో లేపి భుజం మీద కూర్చోబెట్టుకున్నాడు. పిల్ల కేరింతలు కొడుతుంటే అతని మొహం పెళ్ళినాటి మొహంలా ఉంది.

"ఇంకొన్ని దినాలు ఆగు," అన్నాడు. "మల్ల ఆకురాయి పడత. ఆ స్టూలు ఎవనికన్న ఇచ్చుకోమంట."

రుక్కమ్మ ఆ పూట బెల్లం వేసి పాయసం వండింది.

స్టూలు మీద అతని మూలుగు తగ్గింది. సుద్దగీతలు తగ్గాయి. మొగిలి బీడీ ఇచ్చి, వెటకారం లేకుండా అన్నా అనడం మొదలుపెట్టాడు. ఆ సంతోషం ఎక్కువకాలం నిలవలేదు. సుల్తాన్‌బజారు నుంచి మళ్ళీ ఒక పెట్టె వెనక్కి వచ్చింది. వెంకటనారాయణ ఏమీ అరవలేదు. బాలనర్సయ్య చేతిని వెల్లకిలా తిప్పి, సంతలో ఎద్దు పళ్ళు చూసినట్టు చూసి, బొటనవేలితో అక్కడక్కడా నొక్కాడు. అతను కదలలేదు. వెంకటనారాయణ చెయ్యి వదిలేసి రుక్కమ్మను బయటికి పిలిచాడు.

"చెల్లె, నీ పెనిమిటి చేతికి కాయలు కాస్తున్నయ్."

"మంచిదే గదా సేటూ. మల్ల ఆకురాయి పడతడట."

"ఎవనికి మంచిది?" అన్నాడు వెంకటనారాయణ శాంతంగా. "ఆకురాయి పట్టెటోళ్ళు బాలానగర్ల గల్లీకి పదిమంది దొరుకుతరు. కాలిన చేతితోని వాడు పట్టేదెంత? నాకు కావాల్సింది ఆ మెత్తటి తోలు. తోలు మొద్దుబారితే వాడు నాకెందుకు?"

రుక్కమ్మ లోపలికి పోబోతే అతను ఆపాడు.

"ఏం లేదు, పొద్దుగాల గోరువెచ్చని నీళ్ళల్ల జరసేపు నాననియ్యి. మెత్తబడంగనే కాళ్ళు రుద్దుకునే రాయితోని పైపైన రుద్దు. గంతే."

"మీరే జెప్పుండ్రి ఆయనకు."

"మొగోడు జెప్తె మొగోడు వినడు. నువ్వు జెప్తె వింటడు." వెంకటనారాయణ ఆమె భుజం మీద అన్నలా చెయ్యి వేశాడు. "వినకపోతే ఫికర్ లేదు, ఇద్దరు ఇంటికాడనే కూసోండ్రి. పెట్టెలు సర్దెటోళ్ళు గూడ దొరుకుతరు నాకు."

ఆ సాయంత్రం ఇంటికి పోయాక ఆమె చెప్పింది. బాలనర్సయ్య ముందు నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి కుడిచేతిని చంకలో దాచుకున్నాడు.

"నీకు మతి ఉన్నదా? ఇప్పుడిప్పుడే చేతికి జీవమొచ్చె. నేను పశువునా, తోలు ఒలిపిచ్చుకునేటందుకు?"

"నాకు మాత్రం సంబురమా? ఇద్దర్ని ఎళ్ళగొడ్తనన్నడు. ఆ పిల్లకు ఏం బెడ్తవు? కాలిన చెయ్యి జూసి ఎవడిస్తడు పని?"

"వేరే షెడ్లల్ల అడుగుత."

అడిగాడు కూడా. ఆ వారమంతా సాయంత్రాలు బాలానగర్ గల్లీలన్నీ తిరిగాడు. చెయ్యి చూడగానే ఎవరూ రెండో మాట మాట్లాడలేదు. ఒకచోట ఆకురాయి ఇచ్చి పట్టి చూడమన్నారు. పట్టాడు, కానీ వేళ్ళకు మునుపటి బలం లేదు. ఆకురాయి పక్కకు జారిపోయింది. తిరిగి వచ్చి, మర్నాడు పొద్దున తనే గిన్నెలో నీళ్ళు పెట్టి ఆమె ముందు కూర్చున్నాడు.

మొదటిరోజు అతను తువ్వాలు కొరికిపట్టాడు. ఆమె ఏడుస్తూ రుద్దింది. తెల్లని పొట్టు నీళ్ళల్లో తేలింది. కింద మళ్ళీ ఆ గులాబీ రంగు కనిపించింది. స్టూలు మీద మళ్ళీ మూలుగు వినిపించింది. సేటు సంతోషించాడు.

తర్వాత తర్వాత ఆమె ఏడవలేదు. పొయ్యి మీద సంకటి ఉడుకుతుంటే, పిల్ల జడ వేయమని కొంగు లాగుతుంటే, అన్ని పనుల మధ్యా ఇది ఒక పని అయింది. ఎక్కడ తోలు తొందరగా ముదురుతుందో, ఎంత రుద్దితే రక్తం రాకుండా మెత్తబడుతుందో ఆమె చేతికి తెలిసిపోయింది. అతను చెయ్యి వెనక్కి లాక్కుంటే విసుగు వచ్చేది.

"చిన్నపోరనివా? కదలకు. ఆలస్యమైతున్నది."

ఆ చేత్తోనే అతను ఒకప్పుడు ఆమెను కొట్టాడు. ఎప్పుడో తప్ప కొట్టేవాడు కాదు, ఊళ్ళో ఎవరు మాత్రం కొట్టరు, అని అప్పుడు ఊరుకుంది. ఇప్పుడు ఆ చెయ్యి తన ఒళ్ళో పిట్టపిల్లలా ముడుచుకుంటే ఆ దెబ్బలు ఒక్కొక్కటే గుర్తొచ్చేవి. గుర్తొచ్చిన రోజు రాయి కాస్త బరువుగా పడేది. అతను కళ్ళెత్తి చూసేవాడు. ఆమె చూపు తిప్పుకునేది, రుద్దడం మాత్రం ఆపేది కాదు. ఒకరోజు అతను మరీ పెద్దగా ఏడ్చేసరికి చెంప మీద కొట్టింది. అతను మళ్ళీ చెయ్యి చాపాడు.

వానలు పడ్డాయి. నడిమివేలు, ఉంగరంవేలు వాచి నల్లబడ్డాయి. జ్వరం పట్టుకుంది. బాలనర్సయ్య స్టూలు మీద ఊగిపోతూ ఒక్కరోజు ఇంటికి పోనివ్వమని సేటును అడిగాడు.

"సుబ్రహ్మణ్యం మనిషి రేపే వస్తుండు. ఈ పెట్టె కానియ్యి," అన్నాడు వెంకటనారాయణ.

అతను రుక్కమ్మ వైపు చూశాడు. ఆమె కాగితం చుడుతూనే ఉంది.

"ఈ ఒక్కదినం ఓర్సుకో," అంది.

పెట్టె నిండింది. మర్నాడు అతను లేవలేదు. పక్కింటి ఎల్లేశం ఎడ్లబండి కట్టి రోడ్డు దాకా తీసుకెళితే, అక్కడి నుంచి బస్సులో దవాఖానకు చేర్చింది. డాక్టరు చెయ్యి చూసి ఆమె మీద కేకలేశాడు.

"దీన్ని ఏం చేశారమ్మా? ఎవరు గీకారు?"

"కట్టె గుచ్చుకున్నది సారూ," అంది రుక్కమ్మ.

రెండు వేళ్ళూ మొదలంటా తీసేశారు.

వెంకటనారాయణ చూడడానికి వచ్చాడు. బత్తాయిలు తెచ్చాడు. మంచం పక్కన కూర్చుని జేబులోంచి తమ షెడ్డు చాకే తీసి, ఒక బత్తాయిని నాలుగు చెక్కలు కోశాడు.

"ఎంత మంచిగ ఇముడుతున్నదో చూడు బాలనర్సూ! నీ పుణ్యమే," అన్నాడు. చెక్క తీసి అతని ఎడమచేతిలో పెట్టాడు. కట్టు కట్టిన కుడిచేతి వైపు కాసేపు చూసి నాలుక చప్పరించాడు. "కానీ ఇగ నీకు కుదరదు. నువ్వు మూడు వేళ్ళతోని పట్టితే లెక్క తప్పుతది. కొనేటోళ్ళకు అయిదు వేళ్ళుంటయ్ గదా."

బాలనర్సయ్య బత్తాయి చెక్కను నోటిదాకా తెచ్చి దింపేశాడు.

"నా పెండ్లాం?" అన్నాడు.

"చెల్లెకేం ఢోకా లేదు. నువ్వు ఇంటికి చేరినంక రమ్మను."

రుక్కమ్మ వెళ్ళింది. ఇప్పుడు పొయ్యి ఆమె ఒక్కదాని చేతుల మీదే వెలగాలి. సైకిలు తొక్కడం ఆమెకు రాదు. బండల దారిన నడిచి పోయేది. వెళ్ళేసరికి స్టూలు ఖాళీగా ఉంది. దాని కోసం మొగిలి అప్పటికే సేటు చుట్టూ తిరుగుతున్నాడు.

"నీడపట్టున కూసుండే పని. నా కంటె పిడి తెలిసినోడు ఎవడున్నడు సేటూ?" అన్నాడు.

"నీ చెయ్యి కాలలేదు గదరా," అన్నాడు వీరేశం.

వెంకటనారాయణ మొగిలి అరచేతిని పరీక్షగా చూశాడు. "కాలాల్సిన పని లేదు. కాయలున్న తోలంత తీసేస్తే లోపల అందరిదొక్కటే." రుక్కమ్మను పిలిచాడు. "నీకు చేయి తిరిగిన పనే గదా చెల్లె. రోజు పొద్దుగాల నల్లాకాడ కూసోబెట్టి జర సాపు చెయ్యి వీనికి. ఇంటికాడ నేర్సినవ్, గీడ అక్కరకొచ్చింది."

ఆమె కాదంటుందేమోనని అందరూ చూశారు. ఆమె మొగిలి చేతిని చూసింది. ఇనుప ముల్లు నిలబెట్టిన చెయ్యి అది. కాయలు పసుపు పచ్చగా, ఏళ్ళ నాటివి.

"శాన మందమున్నయ్. దినాలు పడతయ్," అంది.

మొగిలి మొదట సరసమాడాడు. "పైలంగ వదినె, నాది సుకుమారం," అన్నాడు. వీరేశం నవ్వాడు. నానబెట్టిన చెయ్యి తెల్లబడ్డాక ఆమె రాయి తీసుకుంది. కాసేపటికి మొగిలి నవ్వు ఆగిపోయింది. ఇంకాసేపటికి చెయ్యి లాక్కోబోయాడు. ఆమె మణికట్టును మోకాళ్ళ మధ్య ఇరికించి పట్టింది. నల్లా నీళ్ళు ఎర్రగా కాలువలోకి పోయాయి. వద్దు, నేను ఆకురాయే పట్టుకుంట, అని మొగిలి అరిచాడు. అతని పీట మీద అప్పటికే జీడిమెట్ల నుంచి వచ్చిన కొత్తమనిషి కూర్చుని కొమ్ము అరగదీస్తున్నాడు.

ఆ సాయంత్రం రుక్కమ్మ ఇంటికి వచ్చి పొయ్యి వెలిగించింది. బాలనర్సయ్య గోడకు ఆనుకుని కూర్చున్నాడు. దవాఖాన నుంచి వచ్చాక అతను ఎక్కువగా మాట్లాడడం లేదు.

"నా జాగల ఎవడు కూసున్నడు?" అన్నాడు.

"మొగిలి."

"వానికి కాలలేదు గదా."

"కాలక్కరలేదట. రుద్దితే సాలంట."

"ఎవరు రుద్దుతున్నరు?"

ఆమె పొయ్యిలోకి పుల్లలు ఎగదోసింది. తిడతాడనుకుంది. చెంబు విసిరినా విసురుతాడనుకుని కాస్త పక్కకు జరిగింది కూడా. వెనక నుంచి వింత చప్పుడు వినిపిస్తే తిరిగి చూసింది. బాలనర్సయ్య నవ్వుతున్నాడు. భుజాలు కదిలేలా, దగ్గు వచ్చేలా నవ్వుతున్నాడు. ఆ చప్పుడుకు చంద్రమ్మ లోపలికి తొంగిచూసింది.

"అరిసిండా?" అన్నాడు.

"అరిసిండు."

"మొదటిదినమే అరిసిండా?" అతను ముందుకు వంగాడు. కట్టు మీంచి మిగిలిన బొటనవేలిని ఎడమచేత్తో చూపించాడు. "గీడ, బొటనేలు మొదట్ల రుద్దు. ఆడ తోలు పోతే మనిషి ఆగలేడు. పిడి ఆనేది గాడనే."

"తెలుసు," అంది రుక్కమ్మ.

ఆ పూట అతను చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాడు. ముద్ద కలిపి పెట్టమని తనే అడిగాడు.

మర్నాడు మొగిలి పెళ్ళాం బుచ్చమ్మ అతని వెంట షెడ్డుకు వచ్చింది. ఇద్దరు చిన్నపిల్లల తల్లి. మొగుడు పారిపోకుండా చూడమని సేటే పిలిపించాడని వీరేశం చెప్పాడు. ఆమె నల్లా దగ్గర రుక్కమ్మ పక్కన గొంతుక్కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అక్కా, జర మెల్లగ రుద్దు. నీ కాళ్ళు మొక్కుత."

రుక్కమ్మ తలూపింది. మొగిలి చేతిని నీళ్ళలోంచి తీసి, తుడిచి, ఒళ్ళో పెట్టుకుంది. బొటనవేలి మొదట్లోంచి మొదలుపెట్టింది.